పదమూడో వాసన

మా ప్రసూతి వార్డులో మంచాలు ఇరవై నాలుగు. బాలింతలు ఏ రోజు చూసినా ముప్పై అయిదుకి తగ్గరు. ఈ రెండు అంకెలూ కలిపి చదివినవాళ్లకి మాకేం కావాలో ఇట్టే అర్థమవుతుంది. పైవాళ్లు విడివిడిగా చదివినట్టున్నారు. ఆషాఢమాసంలో ఒక మంగళవారం నాడు మాకు పన్నెండు రకాల సుగంధ తైలాలు, ఎనిమిది యంత్రాలు దిగాయి.

యంత్రమంటే మరేం లేదు, కూజా ఆకారంలో ఉన్న డబ్బా. నీళ్లు పోసి, నాలుగు చుక్కల తైలం వేసి, ప్లగ్గు పెడితే పైనుంచి తెల్లటి పొగ వదులుతుంది. మా ఆయాలు చూసిన క్షణంలోనే పొగకూజా అని పేరు పెట్టేశారు. వాటితోపాటు ఉత్తర్వు కూడా వచ్చింది. "నవజాత శిశు, మాతృ, పితృ సుగంధ సాంత్వన పథకం" అని దాని పేరు. ఎవరో పెద్దాయన విదేశం వెళ్లి, అక్కడి ఆసుపత్రిలో బాలింతలు లావెండరు వాసన పీల్చి చిరునవ్వుతో పడుకోవడం చూశారట. అక్కడ ఒక్కో బాలింతకి ఒక్కో గది, ఒక్కో ఏసీ, ఒక్కో నర్సు ఉంటాయి. ఆయన వాటిని చూశారో లేదో నాకు తెలీదు. వాసన మాత్రం బాగా పీల్చారు.

నేను ఈ వార్డుకి హెడ్ నర్సుని. నా పేరు సువార్తమ్మ. ఇరవయ్యారేళ్ల సర్వీసు. దోమల పథకం చూశాను, చిరునవ్వు వారోత్సవం చూశాను, గోడలకి ఏనుగు బొమ్మలు వేయించిన ఏడాదీ చూశాను. ఇదీ నాలుగు రోజుల ముచ్చటేలే అనుకుని ఆ పెట్టెల్ని అలమారలో పెట్టించాను. మర్నాడు పొద్దున్నే పథకంతోపాటు దాని నోడల్ అధికారి కూడా దిగాడు.

ఆయన పేరు పరంధామయ్యగారు. పశుసంవర్ధక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చారు. మనిషి నెమ్మదస్తుడు. అయితే మూడేళ్ల కిందట ముక్కుకి ఆపరేషన్ జరిగిందనీ, అప్పటినుంచి వాసన అనేదే తెలీదనీ తొలి పరిచయంలోనే చెప్పేశారు. నేను తెల్లబోతే నవ్వారు.

"అదే నా అర్హత సిస్టర్. ముక్కు పనిచేసేవాడికి ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఒకడు మల్లె అంటాడు, ఒకడు గంధం అంటాడు. నాకు సమస్త వాసనలూ సమానమే. నిష్పాక్షికత ప్రాతిపదికన ఎంపిక జరిగింది."

ఆ రోజే శిక్షణ పెట్టారు. తల్లి నీరసానికి లావెండరు, తండ్రి ఆందోళనకి నారింజ, అత్తగారి అసంతృప్తికి నిమ్మగడ్డి అంటూ గోడమీద చార్టు అతికించారు. పాలిచ్చే ముందు తల్లి ఛాతీకి మూడు చుక్కలు రాయాలట, రోజుకి రెండుసార్లు. నాకు ఒళ్లు మండింది.

"సార్, పసిగుడ్లకి ఇది మరీ ఘాటు కదండీ. పుట్టి ఒక రోజు కూడా నిండని ముక్కులు," అన్నాను.

"శిశువు ఈ పథకంలో ప్రథమ లబ్ధిదారుడు," అన్నారాయన. "లబ్ధిదారుడికి లబ్ధి ఘాటుగా ఉండే ప్రశ్నే ఉత్పన్నం కాదు."

పోనీ, యంత్రాలు పెట్టినట్టే పెట్టి ఆపేద్దామనుకున్నాను. అందులోనూ వాళ్లే ముందున్నారు. ఒక్కో కూజాకి ఒక్కో మీటరు ఉంది. కూజా ఆగితే అయిదు నిమిషాల్లో జిల్లా కేంద్రం నుంచి ఫోను. మా వార్డులో ఆక్సిజన్ అయిపోతే ఫోను చేసే నాథుడు లేడు గాని, లావెండరు అయిపోతే మాత్రం కలెక్టరాఫీసు దాకా గంట మోగుతుంది.

వారం తిరిగేసరికి పరంధామయ్యగారికి ఒక ఇబ్బంది తెలిసొచ్చింది. వార్డులో ప్రభుత్వ వాసనలే కాక ప్రజల వాసనలు కూడా ఉన్నాయి. మా వైపు బాలింతకి మూడో రోజు నుంచి వెల్లుల్లి కారం, సొంఠిపొడి, వాము. బిడ్డకి నీళ్లు పోశాక సాంబ్రాణి పొగ. ఇవన్నీ కలిసి ఆయన పన్నెండు వాసనల్ని పక్కకు నెట్టేస్తున్నాయని ఎవరో ఆయన చెవిలో వేశారు. ముక్కుకి తెలిసే వీలు లేదు కదా. వెంటనే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, పథకపు జాబితాలో లేని ప్రతి వాసనయు అనధికార వాసనగా పరిగణింపబడును. అట్టి వాసనను తెచ్చుట, కలిగియుండుట, వ్యాపింపజేయుట నిషిద్ధము."

దీంతో సాంబ్రాణి పోయింది, వెల్లుల్లి కారం పోయింది. లావెండరు ప్రభావాన్ని దెబ్బతీస్తున్నదని ఫినాయిలు కూడా ఆపేశారు. నేల తుడవడానికి బకెట్లో రెండు చుక్కల నారింజ తైలం వేయమన్నారు. తుడిచిన చోటల్లా చీమలు బారులు తీరాయి. వార్డు గేటు దగ్గర వాచ్‌మన్ సైదులుని వాసన పరీక్షకుడిగా నియమించారు. లోపలికి వచ్చే ప్రతి మనిషినీ రెండడుగుల దూరం నుంచి మూడుసార్లు వాసన చూసి పంపాలి. వాడికి అంతకు ముందు లేని గౌరవం వచ్చింది. మీసం కూడా సన్నగా కత్తిరించుకున్నాడు, ముక్కుకి అడ్డమని.

ఇక మా సూపరింటెండెంటు డాక్టర్ చలమేశ్వరరావుగారి సంగతి. వారికి ఆ పొగ పడలేదు. మొదటిరోజు రౌండుకి వచ్చి పద్నాలుగు తుమ్ములు తుమ్మారు. సాయంత్రానికల్లా తనకు తానే పరీక్ష చేసుకుని, తనకు తానే వైద్య ధ్రువపత్రం రాసుకుని, తన గదికి పథకం నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు. తలుపు మీద "సుగంధరహిత ప్రదేశం" అని బోర్డు వేలాడదీశారు. ముప్పై అయిదు మంది బాలింతలకీ వాళ్ల బిడ్డలకీ లేని ముక్కు ఆయనకొక్కరికే ఉన్నట్టు.

అప్పుడొచ్చింది ఝాన్సీ.

ఇరవై రెండేళ్ల పిల్ల. మొగుడు మస్తాన్‌రావు మిర్చియార్డులో బస్తాలు మోస్తాడు. ఇది రెండో కాన్పు. మొదటి బిడ్డ ఏడో నెలలోనే పుట్టి మూడు రోజులకి పోయింది. బిడ్డని పెద్దాసుపత్రికి పంపాక ఆ మూడు రోజులూ ఝాన్సీ నా వార్డులోనే ఉంది. ఆ పిల్ల ముఖం నేను మర్చిపోలేదు. ఈసారి పెద్దాపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. రెండు కిలోల మూడొందలు. చిన్నదే గాని ఏడుపు గట్టిది. హమ్మయ్య అనుకున్నాను.

మస్తాన్‌రావు బిడ్డని చూడ్డానికి వచ్చాడు. సైదులు మొదటిసారి వాసన చూడగానే తుమ్మి, రెండోసారికి కళ్లనీళ్లు పెట్టుకుని, మూడోసారి చూడకుండానే బయటికి తోశాడు.

"నేనేం జేశానన్నా? యార్డు నుంచి వస్తన్నా, మిరపకాయల వాసన రాక మల్లెపూల వాసన వచ్చిద్దా?" అన్నాడు మస్తాన్‌రావు.

"నాకు తెలీదయ్యా. కాగితంలో లేదు, లోపలికి లేదు," అన్నాడు సైదులు. వీడూ ఆ యార్డులో పదేళ్లు బస్తాలు మోసి వచ్చినవాడే.

పాపం ఆ కుర్రాడు బోరింగు దగ్గర రోజూ మూడేసిసార్లు ఒళ్లు తోముకుని వచ్చాడు. మిరపఘాటు చర్మంలో ఇంకిపోయింది, వదల్లేదు. ఫారంలో "అనధికార వాసన కలిగిన తండ్రి" అని ఎక్కించారు. అతను వార్డు వెనక కిటికీ కింద నిలబడి, చువ్వల్లోంచి బిడ్డ కాళ్లు మాత్రం చూసి వెళ్లేవాడు.

అదైనా భరించవచ్చు. బిడ్డ పాలు పట్టలేదు.

ఝాన్సీకి పాలు లేక కాదు. రొమ్ముల్లో పాలు గడ్డకట్టి నొప్పితో విలవిల్లాడుతోంది. రొమ్ము దగ్గరకి తీసుకెళ్తే చాలు, బిడ్డ ముఖం పక్కకి తిప్పుకుని కేరుకేరుమంటుంది. ఇందులో వింతేమీ లేదు. అప్పుడే పుట్టిన బిడ్డకి కళ్లు సరిగ్గా ఆనవు. తల్లిని వాసనతోనే పట్టుకుంటుంది. పొట్టమీద పడుకోబెడితే ముక్కుతో వెతుక్కుంటూ తనంతట తాను పాకడం నేను కొన్ని వందలసార్లు చూశాను. ఇక్కడ తల్లి ఒంటికి లావెండరు, దుప్పటికి నారింజ, గాలికి నిమ్మగడ్డి. ఆ బిడ్డకి తల్లి దొరకడం లేదు. నేను ఝాన్సీ ఒంటికి రాసిన తైలం తుడిచేశాను. లాభం లేదు, ఎనిమిది కూజాలూ వదులుతూనే ఉన్నాయి. అప్పటికి వార్డులో మరో ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా పేచీ పెడుతున్నారు గాని, వాళ్లు మూడేసి కిలోల గట్టి పిండాలు, ఎలాగో తంటాలుపడి తాగుతున్నారు. దీనికి అంత ఓపిక లేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోస్తే సగం తాగి సగం కక్కేది.

రెండో రోజుకి రెండు కిలోల రెండొందలు. మూడో రోజుకి రెండు కిలోల నూట ఇరవై. రెండు కిలోల లోపుకి దిగితే ఇక్కడ ఉంచకూడదు. తొంభై కిలోమీటర్ల అవతల పెద్దాసుపత్రికి పంపి అద్దాలపెట్టెలో పెట్టించాలి. పచ్చికుట్లతో తల్లి అంత దూరం పోలేదు. బిడ్డ ఒక్కత్తే పోవాలి.

ఝాన్సీ తల్లి ఆదెమ్మ నా చెయ్యి పట్టుకుంది. "సిస్టరమ్మా, మొదటిదాన్ని ఇట్టాగే తీసకపోయారు. మళ్లా తీసుకురాలా. ఇంత సాంబ్రాణి ఎయ్యనియ్యండి, ఇంత ఎల్లుల్లి కారం పెట్టనియ్యండి. మా అమ్మ నన్నట్టాగే పెంచింది." ఝాన్సీ గోడవైపు తిరిగి పడుకుంది. నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే కోపం ఎక్కువ వచ్చింది. సరాసరి పరంధామయ్యగారి దగ్గరకి వెళ్లాను.

"సార్, ఆరో నంబరు మంచం బిడ్డ బరువు తగ్గిపోతోంది. ఆ తల్లీబిడ్డల్ని పథకంలోంచి తీసెయ్యండి."

"మినహాయింపు అనారోగ్య శిశువులకే వర్తిస్తుంది."

"అనారోగ్యమే కదండీ!"

"సిస్టర్, పథకంలో ఉన్న శిశువుకి అనారోగ్యం రాదు. రాకూడదనే కదా పథకం," అని ఓపికగా వివరించారు. "ఇప్పటివరకు మన వార్డులో లబ్ధి నూటికి నూరు శాతం. బరువు తగ్గినట్టు చూపిస్తోందంటే తూనికలో దోషం ఉంది."

గంటలో మనుషులొచ్చి మా తూకం మిషన్ను మరమ్మతుకి ఎత్తుకెళ్లారు. ఇక ఆ వార్డులో ఏ బిడ్డ బరువూ తగ్గే వీలు లేదు.

ఈ మాట కిటికీ కిందున్న మస్తాన్‌రావు చెవిన పడింది. నాలుగో రోజు పొద్దున్నే యార్డులో నమూనా కాయలు తూచే చిన్న కాటా పట్టుకొచ్చాడు. సబ్బుతో కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ కడిగి తెచ్చానన్నాడు. వరండా చివర, గుడ్డ పరిచి, బిడ్డని అందులో పెట్టి తూచాం. రెండు కిలోల నలభై గ్రాములు. అతను ముల్లునే చూస్తూ ఉండిపోయాడు. రోజంతా తూకాలు చూసే మనిషి, అతనికి వేరే చెప్పక్కర్లేదు.

నేను మళ్లీ పరంధామయ్యగారి గదికి వెళ్లాను. ఈసారి అరవలేదు. ఇరవయ్యారేళ్లలో నేను నేర్చుకున్నదేమిటంటే, ఆఫీసు మనిషికి ప్రాణం మాట చెబితే బుర్రకెక్కదు, కాగితం మాట చెప్పాలి.

"సార్, మీ జాబితాలో ఒక వాసన తక్కువైంది," అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "ఏ వాసన?"

"తల్లి వాసన."

ఆయన పన్నెండు పేర్ల మీదా వేలు పెట్టి పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. "అవును, లేదు. అంటే ప్రస్తుతానికి అదీ అనధికార వాసనే అన్నమాట."

"మీరు చేర్పిస్తే అధికారమవుతుంది. పదమూడో వాసన. రాష్ట్రంలో ఎవరికీ తట్టనిది మీకు తట్టినట్టుంటుంది."

పరంధామయ్యగారి ముఖంలో ఏదో వెలిగింది. అయినా నియమం నియమమే. "కొత్త వాసన ప్రతిపాదించాలంటే క్షేత్రస్థాయి ప్రయోగం తప్పనిసరి. అదీ ఇతర వాసనలేవీ లేని ప్రదేశంలో. అట్టి ప్రదేశం ఈ ప్రాంగణంలో ఎక్కడుంది సిస్టర్?"

"ఉంది సార్. బోర్డు కూడా ఉంది."

అరగంటలో ఉత్తర్వు టైపు చేయించాను. పదింటికల్లా సంతకమైంది. ఝాన్సీకి గోరువెచ్చటి నీళ్లతో, సబ్బు లేకుండా, ఒళ్లంతా తుడిపించాను. ఆదెమ్మ ఇంటినుంచి తెచ్చిన పాత నేతచీర కట్టించి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సూపరింటెండెంటు గారి గదికి తీసుకెళ్లాను. ఆయన ఏదో ఫైలు చూస్తున్నారు.

"సార్, మీ గది ప్రయోగశాలగా ప్రకటించబడింది," అని కాగితం ముందు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "ఎంతసేపటికి?"

"బిడ్డ ఇష్టం సార్."

లేచి వరండాలోకి వెళ్లారు. వెళ్తూనే తుమ్మారు.

పైన ఫ్యాను తప్ప ఆ గదిలో ఇంకో చప్పుడు లేదు. ఝాన్సీని ఆయన సోఫాలో వెనక్కి వాల్చి, బిడ్డని బట్టల్లేకుండా కుట్లకి తగలకుండా తల్లి పొట్ట పైభాగాన బోర్లా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి చీరకొంగు కప్పాను. పరంధామయ్యగారు కూడా ఉన్నారు. ప్రయోగానికి అధికారి సాక్షిగా ఉండాలట. మర్యాదస్తుడు కాబట్టి గోడవైపు తిరిగి, ఫైలు పట్టుకుని నిలబడ్డారు. అద్దం కిటికీ అవతల మస్తాన్‌రావు తల కనబడింది. నేను చూడనట్టే ఊరుకున్నాను.

చాలాసేపు ఏమీ జరగలేదు. బిడ్డ అలాగే పడుకుంది. ఝాన్సీ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "తాగదు సిస్టర్, ఇది కూడా ఎల్లిపోయిద్ది," అంది.

"నోర్ముయ్యి. దాన్ని వెతుక్కోనియ్యి," అన్నాను.

కాసేపటికి బిడ్డ తల ఎత్తింది. ముక్కు తల్లి ఒంటికి ఆనించి అటొకసారి, ఇటొకసారి ఊపింది. కాళ్లతో తన్నుకుని ఒక అంగుళం పైకి జరిగింది. ఆగింది. మళ్లీ జరిగింది. ఆదెమ్మ గుమ్మం దగ్గర చేతులు జోడించి నిలబడిపోయింది.

"ప్రయోగం ఏ దశలో ఉంది?" అన్నారు గోడతో పరంధామయ్యగారు.

"పాకుడు దశలో ఉంది సార్."

రాసుకున్నారు. అయిదు నిమిషాలకి మళ్లీ అడిగారు. ఈసారి నాకు జవాబు చెప్పే పని లేకపోయింది. ఆ నిశ్శబ్దంలో గుటక వినబడింది. ఒకటి, వెంటనే ఇంకొకటి. తర్వాత ఆగకుండా. ఝాన్సీ నోరు తెరిచి నా వైపు చూసింది. నవ్వుతోందో ఏడుస్తోందో దానికే తెలీదు. కిటికీ అవతల తల మాయమైంది. కింద కూలబడ్డట్టున్నాడు.

"ఆ శబ్దం?" అన్నారు పరంధామయ్యగారు.

"ఫలితం సార్."

ఆయన కలం ఆగింది. అధికారి గొంతు కాని గొంతుతో అడిగారు. "నివేదికలో వాసన స్వభావం అనే గడి ఉంది సిస్టర్. ఎలా ఉంటుందది? తియ్యగా ఉంటుందా?"

"మీ అమ్మగారిది గుర్తులేదా సార్?"

ఆయన జేబురుమాలుతో కళ్లజోడు తుడుచుకున్నారు. "నివేదికలో ఏం రాయమంటారు?" అన్నారు.

"వర్ణించ వీలుకానిది అని రాయండి."

"అట్లా రాస్తే తిప్పి పంపుతారు," అన్నారు దిగులుగా.

ప్రయోగం అన్నది ఒక్కసారితో సరిపోదనీ, రోజుకి ఎనిమిదిసార్లు చొప్పున వారం రోజులు జరగాలనీ నేనే పట్టుబట్టి రాయించాను. పేచీ పెడుతున్న మిగతా పిల్లల్ని కూడా ప్రయోగంలో కలిపాను. సూపరింటెండెంటు గారు వారం పాటు స్టోర్ రూములో కూర్చున్నారు. వారం చివర మస్తాన్‌రావు తెచ్చిన కాటా మీద పిల్ల రెండు కిలోల మూడొందల యాభై తూగింది. డిశ్చార్జి రోజున గేటు దాటాక అతను బిడ్డని మొదటిసారి ఎత్తుకున్నాడు. పిల్ల ముక్కు ఎగరేసింది, తుమ్మింది, తర్వాత అతని భుజం మీద నిద్రపోయింది.

పరంధామయ్యగారి నివేదిక పైకి వెళ్లింది. పైన అందరూ మెచ్చుకున్నారు. ఆయనకి పదోన్నతి వచ్చి రాజధానికి వెళ్లిపోయారు. మూడు నెలల తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. "క్షేత్రస్థాయి ప్రయోగములో తల్లి వాసన అత్యుత్తమ ఫలితములిచ్చినందున, దానిని పదమూడవ అధికారిక వాసనగా గుర్తించడమైనది. అయితే ఒక్కొక్క తల్లి వాసన ఒక్కొక్క విధముగా ఉండి నాణ్యతాప్రమాణములకు భంగకరమగుచున్నందున, రాష్ట్రమంతటికీ ఒకే తల్లి వాసనను తయారు చేయించి సరఫరా చేయడమైనది. ఇకపై ప్రతి తల్లియు దీనినే రాసుకొనవలెను."

ఉత్తర్వు వెనకాలే పెట్టెలు వచ్చాయి. నూట నలభై నాలుగు సీసాలు. అప్పుడే ప్రసవమైన ఒక పిల్ల వాళ్లమ్మ సాయంతో లేచి కూర్చుని, నా చేతిలో సీసా చూసి, "ఏంది సిస్టర్ అది?" అంది.

"తల్లి వాసన," అన్నాను.

"ఎవురి తల్లిదండీ?"

నాకు తెలీదు. సీసా తిప్పి చూశాను. ఒక పక్క తయారీ తేదీ, పక్కన గడువు తేదీ ఉన్నాయి. తల్లి వాసన రెండేళ్లు నిలవ ఉంటుందట. దాని కింద ఎర్రక్షరాలతో ఒక హెచ్చరిక ఉంది. "పిల్లలకు అందకుండా దూరముగా ఉంచవలెను."

నూట నలభై నాలుగు సీసాలనీ అలమారలో అన్నిటికంటే పై అరలో పెట్టించి తాళం వేశాను. ప్రభుత్వం రాసిన మాటని అక్షరం పొల్లుపోకుండా పాటించడం నా సర్వీసులో అదే మొదటిసారి.